ఒక మనిషికి ఒక అంకె: గుండె ముప్పు లెక్కల ప్రాజెక్టు డైరీ

ఏం కడుతున్నాను

వయసు, బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ, ఉంటే జన్యు పరీక్ష రిపోర్టు. ఇవి ఇస్తే ఆ మనిషి గుండె రక్తనాళాల్లో పూడిక ఉండే అవకాశం ఎంతో, మందు వాడితే ముప్పు ఎంత తగ్గుతుందో చూపించే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. ఆస్పత్రిలో వాడటానికి కాదు. ప్రెసిషన్ మెడిసిన్ (ఒక్కో మనిషికి తగ్గట్టు వైద్యం) అని అందరూ అంటున్నారే, దాని లోపల ఏముందో చేత్తో చేసి చూద్దామని. డేటా అంతా ఎవరైనా ఉచితంగా దించుకోగలిగిందే. పైథాన్, ఓ మామూలు ల్యాప్‌టాప్, అంతే సరంజామా.

తెలిసిన కార్డియాలజిస్టు ఒకావిడ అప్పుడప్పుడూ చూసి పెడతానన్నారు. ఒక్క షరతు మీద. "ఆక్యురసీ ఎంతొచ్చిందో నాకు చెప్పకండి. నా ఎదురుగా కూర్చున్న పేషెంటుకి మందు మార్చాలో అక్కర్లేదో, మీ అంకె వల్ల తేలుతుందా లేదా, అది చెప్పండి చాలు." అలాగేనండీ అన్నాను. ఈ ప్రాజెక్టులో కష్టమంతా ఆ వాక్యంలోనే ఉంది.

ముందున్న లెక్కలు

కొత్తగా ఏదీ కనిపెట్టడం లేదు. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 5,209 మందిని తీసుకుని, ఏళ్ల తరబడి పరీక్షలు చేస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తోందో రాసుకుంటూ పోయారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం లాంటి వాటికి 'రిస్క్ ఫ్యాక్టర్లు' అన్న మాట వాడుకలోకి వచ్చింది ఆ అధ్యయనం వల్లే. తర్వాత వచ్చిన కాలిక్యులేటర్లకు అదే మూలం. అమెరికాలో 2013 నాటి సమీకరణాలు, యూరప్‌లో 2021లో వచ్చిన స్కోర్2, 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తెచ్చిన ప్రివెంట్. ఈ చివరిదాంట్లో జాతి అన్న గడి ఎత్తేసి, కిడ్నీ పనితీరును చేర్చారు.

ఇవన్నీ గుంపును చూసి మనిషికి చెప్పే లెక్కలు. డేటా ఎక్కువైతే గుంపును సన్నగా కోసుకుంటూ పోయి చివరికి ఆ ఒక్క మనిషి దాకా చేరొచ్చన్నది కొత్త ఆశ. అది ఎంత దూరం సాగుతుందో చూడాలి.

డేటా

మొదటి భాగానికి యూసీఐ (అమెరికాలోని ఓ విశ్వవిద్యాలయం) వాళ్ల గుండెజబ్బు డేటా తీసుకున్నాను. పాతదే, 1988లో అక్కడికి చేరింది. నాలుగు చోట్ల నుంచి సేకరించారు: క్లీవ్‌లాండ్‌లో 303 మంది, హంగరీలో 294, స్విట్జర్లాండ్‌లో 123, లాంగ్‌బీచ్‌లోని మాజీ సైనికుల ఆస్పత్రిలో 200. యాంజియోగ్రామ్‌లో ఏదైనా పెద్ద రక్తనాళం సగానికి మించి సన్నబడి ఉంటే జబ్బు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ముట్టుకుంటారు. అయితే దీని కాపీలు రకరకాలుగా తిరుగుతున్నాయి, జాగ్రత్త. బాగా ప్రచారంలో ఉన్న ఒక కాపీలో 1 అంటే జబ్బు లేదని, 0 అంటే ఉందని, తిరగేసి ఉంటుంది. 1,025 వరసలున్న ఇంకో కాపీలో నకళ్లు తీసేస్తే మిగిలేది 302 మంది. ఒకే మనిషి మోడల్ నేర్చుకునే డేటాలోనూ (ట్రైనింగ్), దాన్ని పరీక్షించే డేటాలోనూ (టెస్టు) కూర్చుంటే 99 శాతం ఆక్యురసీ రాక ఏమవుతుంది? అందుకే అసలు ఫైళ్లే దించుకుని, కాలమ్ కాలమ్ చేత్తో చూసుకుంటూ వెళ్లాను.

ఛాతీనొప్పి కాలమ్

ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. క్లీవ్‌లాండ్ ఫైల్లో ఛాతీనొప్పి నాలుగు రకాలు. పాఠ్యపుస్తకంలో రాసినట్టుండే గుండెనొప్పి, కాస్త తేడాగా ఉన్నది, గుండెకు సంబంధం లేదనిపించే నొప్పి, అసలు నొప్పే లేకపోవడం. ఒక్కో రకంలో ఎంతమందికి పూడిక ఉందో లెక్కవేస్తే ఇలా తేలింది.

అసలైన గుండెనొప్పి ఉన్నవాళ్లు 23 మంది, వాళ్లలో పూడిక ఉన్నది 7గురికి. రెండో రకంలో 50 మందికి 9. మూడో రకంలో 86 మందికి 18. నొప్పే లేనివాళ్లు 144 మంది, వాళ్లలో ఏకంగా 105 మందికి పూడిక ఉంది.

అంటే గుండెనొప్పి ఉంటే ముప్పు 30 శాతం, ఏ నొప్పీ లేకపోతే 73 శాతం! మోడల్‌కు వైద్యం తెలియదు కదా, ఉన్నది ఉన్నట్టు నేర్చేసుకుంటుంది. ఏ మోడల్ పెట్టినా 'నొప్పి లేదు' అన్న గడికి భారీ మార్కులు వేసి ముప్పును పైకి తోస్తుంది. గుండె పట్టుకుని వచ్చినవాడికి నీకేం భయం లేదని, హాయిగా నడుచుకుంటూ వచ్చినవాడికి నీ పని అయిపోయిందని చెప్పే యంత్రం అన్నమాట.

డాక్టర్ గారికి పంపితే ఆవిడకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "వీళ్లందరూ యాంజియోగ్రామ్ దాకా వచ్చినవాళ్లండీ. నొప్పి ఉన్నవాళ్లని నొప్పి చూసి పంపిస్తాం. నొప్పి లేనివాళ్లని ఊరికే ఎందుకు పంపిస్తాం? ట్రెడ్‌మిల్ బాగోలేకనో, ఈసీజీలో తేడా ఉండో, ఇంకేదో గట్టి అనుమానం ఉంటేనే." ఆ అనుమానంలో కొంత భాగమే కాలమ్‌లలో ఉంది. మిగతాది పంపిన డాక్టరు బుర్రలోనే ఉండిపోయింది. మోడల్ నేర్చుకున్నది గుండె గురించి కాదు, ఎవరిని లోపలికి పంపాలన్న డాక్టర్ల అలవాటు గురించి.

ఆ కాలమ్ తీసేయాలా, ఉంచాలా? ఉంచాను. యాంజియోగ్రామ్ గది గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి ఆ లెక్క పనికొస్తుంది. వీధిలో నడిచే మనిషికి వర్తింపజేస్తేనే ప్రమాదం. కాబట్టి ఫారంలో మొదటి ప్రశ్నగా కొత్తది చేర్చాను: 'ఈ వ్యక్తి ఏ దారిలో ఇక్కడికి వచ్చారు?' మామూలు చెకప్, నొప్పితో ఓపీకి, ట్రెడ్‌మిల్ తేడా వచ్చాక, యాంజియోగ్రామ్‌కు రాసిచ్చాక. వయసు కన్నా ముందు ఇదే అడుగుతుంది.

మిగతా మూడు చోట్ల

క్లీవ్‌లాండ్‌లో నేర్చుకున్నది వేరేచోట నిలబడుతుందా అని చూడాలంటే మిగతా మూడు ఫైళ్లు కావాలి. అక్కడ ఖాళీలే ఖాళీలు. పూడికను పట్టించడంలో క్లీవ్‌లాండ్‌లో బాగా పనికొచ్చే రెండు కాలమ్‌లు ఉన్నాయి: ఫ్లోరోస్కోపీ అనే ఎక్స్‌రే పరీక్షలో కనిపించిన పెద్ద నాళాల సంఖ్య, గుండె కండరానికి రక్తం ఎలా అందుతోందో చూపే థాలియం స్కాన్ ఫలితం. మొదటిది క్లీవ్‌లాండ్‌లో నలుగురికి తప్ప అందరికీ ఉంది. హంగరీలో 294 మందిలో 291 మందికి లేదు, స్విట్జర్లాండ్‌లో 118 మందికి, లాంగ్‌బీచ్‌లో 198 మందికి లేదు. థాలియం సంగతి అంత అన్యాయం కాదు గానీ నాలుగింటిలో కలిపి 486 మందికి అదీ ఖాళీయే.

సగటుతోనో, ఇంకేదో నేర్పుతోనో నింపేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. 294 గడుల్లో 291 నింపాక అది హంగరీ డేటా ఎలా అవుతుంది? ఆ రెండు కాలమ్‌లు లేకుండా రెండో మోడల్ ఒకటి కట్టాను. అంకె కాస్త మొద్దుబారుతుంది. అయినా చవకైన పరీక్షలతోనే వచ్చే అంకె కాబట్టి నాకు ఇదే నచ్చింది. ఫ్లోరోస్కోపీ దాకా వెళ్లిన మనిషికి ఇక మన అంచనాతో పనేముంది?

స్విట్జర్లాండ్ ఫైల్లో ఇంకో విడ్డూరం. 123 మందికీ కొలెస్ట్రాల్ సున్నా. కొలవలేదనో, రాయలేదనో అర్థం. ఖాళీకి బదులు 0 పడింది. నాలుగు ఫైళ్లూ కలిపేసి చెట్ల మోడళ్లకు (ప్రశ్న మీద ప్రశ్నతో కొమ్మలుగా చీలుతూ తేల్చేవి) ఇస్తే అవి ఇష్టంగా పట్టుకునేది ఆ సున్నానే. ఎందుకంటే అక్కడ 123 మందిలో 115 మందికి జబ్బుంది. కొలెస్ట్రాల్ సున్నా అయితే గుండెజబ్బు ఖాయం అని నేర్చుకుంటుంది. ఈ డేటాతో చేసిన ప్రాజెక్టుల్లో 'కొలెస్ట్రాల్ పెరిగితే ముప్పు తగ్గుతోంది' లాంటి గ్రాఫు ఎక్కడైనా కనిపిస్తే, ముందు సున్నాలు వెతకండి.

ఆ ఫైల్లో జబ్బు లేనివాళ్లు ఎనిమిది మందే. కళ్లు మూసుకుని అందరికీ జబ్బుందని చెప్పినా 93 శాతం ఆక్యురసీ వస్తుంది. డాక్టర్ గారి షరతు ఎంత సబబో అప్పుడు తెలిసింది. జబ్బున్నవాళ్లను లేనివాళ్ల నుంచి మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో కొలిచే ఏయూసీ వేసినా అది ఆ ఎనిమిది మంది మీద ఆధారపడి ఊగుతుంది. అందుకే స్విట్జర్లాండ్‌ను పరీక్షకు వాడలేదు.

60 శాతం ఎవరిది?

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన లెక్క ఇది. కాగితం మీద వేసుకోవచ్చు.

క్లీవ్‌లాండ్ మోడల్ ఒకాయనకు 60 శాతం అని చెప్పిందనుకుందాం. 60కి 40, అంటే నిష్పత్తి 1.5. మొత్తం క్లీవ్‌లాండ్‌లో జబ్బు ఉన్నవాళ్లు 139, లేనివాళ్లు 164. ఆ నిష్పత్తి 0.85. 1.5ను 0.85తో భాగిస్తే 1.77. ఈయన సొంత వివరాలన్నీ కలిసి అక్కడి సగటు నిష్పత్తిని 1.77 రెట్లు చేశాయి. ఈయన గురించి మనకు తెలిసింది అంతే.

ఇప్పుడు ఈయన్నే వేరే గుంపుల్లో నిలబెడదాం. హంగరీలో జబ్బు ఉన్నవాళ్లు 106, లేనివాళ్లు 188. ఆ నిష్పత్తిని 1.77తో గుణిస్తే ఈయన ముప్పు 50 శాతం. లాంగ్‌బీచ్‌లో, 149కి 51, 84 శాతం. స్విట్జర్లాండ్‌లో 96 శాతం. నూటికి ఐదుగురికే జబ్బు ఉండే మామూలు జనంలో అయితే 8.5 శాతం.

అదే మనిషి, అదే బీపీ, అదే ఈసీజీ. తొమ్మిది శాతం కూడా లేని దగ్గర నుంచి తొంభై ఆరు దాకా. తేడా అంతా ఆయన ఏ వరసలో నిలబడ్డాడన్నదాంట్లో ఉంది. పైగా ఈ లెక్కకు ఆ 1.77 ఎక్కడైనా మారదన్న నమ్మకం కావాలి. ఛాతీనొప్పి కాలమ్ చూశాక అదీ పూర్తిగా లేదు.

ఏయూసీ ఈ గొడవను అసలు పట్టించుకోదు. అది చూసేది జబ్బున్నవాడికి లేనివాడి కన్నా ఎక్కువ అంకె ఇచ్చామా లేదా అన్నదే. అందరి అంకెలనూ సగానికి తగ్గించినా ఏయూసీ కదలదు. మందు రాసేవాళ్లకు కావాల్సింది ఆ అంకె నిజమేనా అన్నది. 20 శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా ఇరవై మందికి జబ్బు ఉందా? అదే కేలిబ్రేషన్. మోడల్ ఎంచుకోవడానికి ఇకనుంచి కేలిబ్రేషన్ గ్రాఫునే ముందు చూస్తున్నాను. బోలెడు చెట్ల మోడళ్లను కలిపే రాండమ్ ఫారెస్ట్‌ను పక్కనపెట్టి, ఒక్కో వివరానికి ఒక బరువు ఇచ్చి కూడే సాదా లాజిస్టిక్ రిగ్రెషన్‌కు వచ్చేశాను. 303 మందికి అడవి ఎందుకు? పైగా లాజిస్టిక్‌లో గుంపు మారితే ఒక్క స్థిరాంకం సరిచేస్తే పైన చేసిన లెక్క దానంతటదే జరిగిపోతుంది.

కోసేకొద్దీ

ఆడవాళ్లకు విడిగా మోడల్ కడదామని కూర్చున్నాను. జబ్బు తీరులో ఆడా మగా తేడాలున్నాయి కాబట్టి, ప్రెసిషన్ అన్నాక కనీసం ఇదైనా చేయాలి కదా. క్లీవ్‌లాండ్‌లో మగవాళ్లు 206 మంది, వాళ్లలో జబ్బున్నవాళ్లు 114. ఆడవాళ్లు 97 మంది, జబ్బున్నవాళ్లు 25.

పాతిక మంది. ఒక్కో వివరానికి కనీసం పదిమంది జబ్బున్నవాళ్లుండాలని ఒక మోటు సూత్రం ఉంది. ఆ లెక్కన ఆడవాళ్ల మోడల్లో రెండు వివరాలు పెట్టుకోవచ్చు. వయసు, ఇంకోటేదో. యాభై దాటిన ఆడవాళ్లని, వాళ్లలో షుగరున్నవాళ్లని ఇంకా కోసుకుంటూ పోతే మిగిలేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనిషికి దగ్గరయ్యేకొద్దీ ఆ మనిషిలాంటి వాళ్లు డేటాలో కరువవుతారు. ఐదు లక్షల మంది ఆరోగ్య వివరాలతో బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ లాంటివి ఎందుకు కట్టారో ఆ పాతిక దగ్గర బాగా అర్థమైంది.

చివరికి మధ్యేమార్గం పట్టాను. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు గుణకాలే, కానీ రెండూ ఒక ఉమ్మడి విలువకు కట్టేసి ఉంటాయి. డేటా గట్టిగా చెప్తే విడిపోతాయి, లేకపోతే దగ్గరకొచ్చేస్తాయి. ఆడవాళ్ల అంకె పక్కన వచ్చే హద్దులు (అసలు విలువ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండొచ్చో చెప్పేవి) మగవాళ్ల హద్దుల కన్నా బాగా వెడల్పు. స్క్రీన్ మీద దాచకుండా అలాగే చూపిస్తున్నాను.

ఈసీజీ

దీని గురించి క్లుప్తంగానే. పీటీబీ-ఎక్స్ఎల్ అనే డేటా వాడుతున్నాను: 18,869 మందివి 21,799 ఈసీజీలు, ఒక్కోటి పది సెకన్లు, పన్నెండు లీడ్లు. ఒకే మనిషివి రెండు మూడు ఉంటాయి కాబట్టి మనుషుల వారీగా విడగొట్టాలి. తయారుచేసినవాళ్లే పది భాగాలుగా విడగొట్టి ఇచ్చారు, పుణ్యాత్ములు. వయసు కాలమ్‌లో 300 ఏళ్లవాళ్లు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. 89 దాటినవాళ్లను గుర్తుపట్టకుండా ఉండేందుకు అలా మార్చారు. ఆ 300ని అలాగే సగటులో కలిపేస్తే మాత్రం చిక్కే.

ఈసీజీ మోడళ్లకు దారి చూపింది మేయో క్లినిక్ వాళ్ల పని. గుండె పంపింగ్ తగ్గిందని మామూలు ఈసీజీ నుంచే పసిగట్టే మోడల్‌ను 2019లో ప్రచురించారు. నాకు అంతకన్నా నచ్చింది 2021లో 22,641 మందితో చేసిన ట్రయల్. కొందరు డాక్టర్లకు మోడల్ ఫలితం చూపించారు, కొందరికి చూపించలేదు. చూపించినవైపు పంపింగ్ తగ్గిన కేసులు 2.1 శాతం బయటపడితే, రెండోవైపు 1.6 శాతం. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, మోడల్ చేతిలో ఉంటే డాక్టరు పని మారుతుందా అన్న ప్రశ్నకు అది నేరుగా వచ్చిన జవాబు.

జన్యువుల భాగం

ఇందులో మెషీన్ లెర్నింగ్ లేదు. ఒక పట్టిక, నాలుగు షరతులు. అయినా డాక్టర్ గారు "ఇది పనికొస్తుంది" అన్న మొదటి ముక్క ఇదే.

స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ ఇస్తుంటారు. ఆ మాత్ర మింగిన రూపంలో పనిచేయదు. కాలేయంలో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఆ జన్యువులో 'స్టార్ 2' అనే మార్పు ఉంటే ఆ కాపీ నుంచి పనిచేసే ఎంజైమ్ రాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ అలాంటివే వస్తే మాత్ర ప్రభావం బాగా తగ్గిపోతుంది. 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. ప్రత్యామ్నాయాలు ప్రాసుగ్రెల్, టికాగ్రెలర్. అయితే వాటితో రక్తస్రావం ఎక్కువ, పైగా పక్షవాతం వచ్చినవాళ్లకు ప్రాసుగ్రెల్ ఇవ్వకూడదు. ఆ షరతు కూడా కోడ్‌లో పెట్టాను.

కోడ్ రాస్తుంటే ఒక సంగతి గమనించాను. రిపోర్టులో 'స్టార్ 1' అని ఉంటే జన్యువు నిక్షేపంగా ఉందని కాదు, వెతికిన మార్పులు దొరకలేదని. స్టార్ 2 ఒక్కటే వెతికి, ఎంజైమ్‌ను అలాగే దెబ్బతీసే స్టార్ 3 వెతకని పరీక్షలో స్టార్ 3 ఉన్నవాళ్లు కూడా స్టార్ 1గానే బయటికొస్తారు. అందుకే ఏయే మార్పులు వెతికారో చెప్పకపోతే ప్రోగ్రాం 'నార్మల్' అని రాయదు.

ట్రయల్స్ ఏమంటున్నాయి? 2020లో 5,302 మందితో వచ్చిన టైలర్-పీసీఐలో స్టార్ 2 లేదా 3 ఉన్నవాళ్లలో జన్యువు చూసి మందు మార్చినవైపు ఏడాదిలో గుండె, మెదడు సమస్యలు 4.0 శాతం, మార్చనివైపు 5.9. ఈ తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి కావాల్సిన గణాంకాల హద్దును వెంట్రుకవాసిలో దాటలేకపోయింది. 2019లో 2,488 మందితో చేసిన పాపులర్ జెనెటిక్స్ ఎదురు దిక్కు నుంచి వచ్చింది. జన్యువు బాగున్నవాళ్లను గట్టి మందు నుంచి క్లోపిడోగ్రెల్‌కు దించితే ఎలా ఉంటుందని చూసింది. గుండె సమస్యలు పెరగలేదు, రక్తస్రావం 12.5 నుంచి 9.8 శాతానికి తగ్గింది. ఎవరికి గట్టి మందు అక్కర్లేదో చెప్పడం కూడా ప్రెసిషనే. నాకైతే ఆ రెండోదే ఎక్కువ ఆకట్టుకుంది.

లక్షల మార్పులను కలిపి వేసే పాలీజీనిక్ స్కోరును ప్రస్తుతానికి పక్కన పెట్టాను. 2018లో 66 లక్షల మార్పులతో వచ్చిన స్కోరు, నూటికి ఎనిమిది మందిలో గుండెజబ్బు ముప్పు మూడు రెట్లు లేదా అంతకు మించి ఉందని చూపించింది. గొప్ప పనే. కానీ ఆ స్కోర్లు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల డేటా మీద తయారయ్యాయి, మిగతావాళ్లలో పట్టు తగ్గుతుంది. ఏ వరసలో నిలబడ్డారన్న గొడవే మళ్లీ.

మందు లెక్క

అంకె నిజం కాకపోతే ఏం పోతుంది? కొలెస్ట్రాల్ తగ్గించే మందు స్టాటిన్ దగ్గర చూడండి. 26 ట్రయల్స్‌లోని సుమారు 1,70,000 మందిని కలిపి 2010లో చేసిన విశ్లేషణలో, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) లీటరుకు ఒక మిల్లీమోల్, అంటే డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే పెద్ద గుండె, రక్తనాళ సమస్యలు ఐదో వంతుకు పైగా, 22 శాతం తగ్గాయి. ఈ నిష్పత్తి చాలా రకాల మనుషుల్లో దాదాపు ఒకేలా ఉంటుంది. మారేది మొదటి ముప్పు.

పదేళ్ల ముప్పు 20 శాతం ఉన్నవాళ్లలో మందు 4.4 శాతం తీసేస్తుంది. అంటే 23 మంది పదేళ్లు వాడితే ఒకరికి మేలు. ముప్పు 4 శాతం ఉన్నవాళ్లలో ఒకరికి మేలు జరగాలంటే 114 మంది వాడాలి. మోడల్ 4ను 20గా చూపిస్తే మందు ఐదు రెట్లు గొప్పదిలా కనిపిస్తుంది. స్క్రీన్ మీద ఇప్పుడు శాతం బదులు ఈ 'ఎంతమందిలో ఒకరికి' అన్నదే పెద్ద అక్షరాల్లో వస్తోంది. కింద హద్దులు.

ఒక ఇబ్బంది మిగిలింది. యూసీఐ మోడల్ చెప్పేది ఇవాళ పూడిక ఉందా అని. స్టాటిన్ లెక్కకు కావాల్సింది రాబోయే పదేళ్లలో ఏమవుతుందని. ఈ రెండూ ఒకటి కావు, ఒకదాన్ని ఇంకోదాంట్లో పోయకూడదు. కాబట్టి మందు పేజీని యూసీఐ మోడల్ నుంచి విడదీసి, అక్కడ ప్రివెంట్ సమీకరణాలు పెడుతున్నాను. అవి 30 నుంచి 79 ఏళ్ల వాళ్లకే. ఆ హద్దు దాటితే అంకె ఇవ్వకుండా ఆపేసే కోడ్ నిన్ననే పూర్తయింది. కిడ్నీ పనితీరు గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలన్నది డాక్టర్ గారితో మాట్లాడాలి. ఆవిడ సగటుతో నింపమనరని నాకు గట్టి నమ్మకం.